బూడిదరంగు బటన్

జ్యోతిరాణి ఆసామి బిడ్డ. సేఠు దగ్గర నూలు తెచ్చుకొని, సొంత సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసి, కూలి తీసుకునేవాణ్ణి సిరిసిల్లలో ఆసామి అంటారు. మగ్గం తనది, నూలు పరాయిది. అటు యజమానీ కాడు, ఇటు కార్మికుడూ కాడు, రెంటికీ చెడ్డ రేవడి. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్లకే, మరమగ్గాల కార్మికులకు వైద్యం కార్డులు రాసే కొలువు దొరికింది.

కార్డు రాయడమంటే కంప్యూటర్‌లో దరఖాస్తు నింపడం. మొదటి ప్రశ్నకే గొంతులో వెలక్కాయ పడుతుంది: యజమానా, కార్మికుడా? ఏదో ఒకటి ఎంచుకునేదాకా అడుగున ‘పంపు’ బటన్ బూడిదరంగులో పడుంటుంది, ఎన్నిసార్లు నొక్కినా ఉలకదు పలకదు. యజమాని అంటే కార్డు రాదు. ఆసామి అన్న మాట అసలు లేనే లేదు. ఆమె హైదరాబాదు ఆఫీసుకు ఫోన్ చేస్తే, "ఏదైనా సెలెక్ట్ చేస్తే ఎనేబుల్ అవుతుంది మేడమ్" అని పెట్టేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఆ పూజారితోనే జ్యోతిరాణి పొద్దంతా వేగేది.

పోయిన ఎండాకాలం వాళ్ళ వాడ కైలాసం పెండ్లాం సరోజనతో వచ్చాడు. కిడ్నీలు పాడై అతని ముఖం ఉబ్బింది. డయాలసిస్‌కు కార్డు కావాలి.

"మామా, కార్మికుడంటే ఎవరి కింద పనిచేస్తున్నవో రాయాలె."

"ఎవరి కింద బిడ్డా? సాంచాలు మావే."

"కరెంటు మీటరు ఎవరి పేరు మీదున్నది?"

"సరోజన పేరు మీద. ఆ జాగ వాళ్ళ అవ్వ ఇచ్చింది."

జ్యోతిరాణికి దారి దొరికినట్టే అయింది. యజమాని: సరోజన. కార్మికుడు: కైలాసం. మీటరు నంబరు కొట్టగానే బటన్ పచ్చగా వెలిగింది. ముగ్గురూ నవ్వుకున్నారు. "ఇన్నేండ్లకు నాకు షావుకారివైనవ్" అన్నాడు కైలాసం పెండ్లాంతో. నీది కూడా రాయనా అత్తా అని జ్యోతిరాణి అడిగితే, "నాకేమైతది, ఫస్టు ఆయనది కానీ" అంది సరోజన. నూలు కండెలు చుట్టి చుట్టి ఆమె అప్పటికే దగ్గుతోంది. ఆ దగ్గును ఎవరూ పట్టించుకోలేదు, ఆమెతో సహా.

కైలాసం సాంచా దగ్గర నిలబడలేని రోజులొచ్చాయి. కండెలూ ఆమెవే, సాంచాలూ ఆమెవే అయ్యాయి. దసరా దాటాక సరోజన ఒక్కతే వచ్చింది. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుందని, పెద్దాసుపత్రిలో చేరాలని డాక్టరు రాసిచ్చిన చీటీ బల్ల మీద పెట్టింది.

ఆధార్ నంబరు కొట్టగానే తెరమీద ఆమె పేరు వచ్చింది: సరోజన, యజమాని. కార్మికుడన్న గడే బూడిదరంగులోకి పోయింది. ‘మార్చు’ అన్న బటన్ ఒకటుంది, కానీ ఆమె కింద కార్మికుడెవరూ లేకపోతేనే అది వెలుగుతుంది. కైలాసం పేరు తీసేస్తే అతని కార్డు ఆ క్షణమే రద్దు. కొత్తది రావడానికి మూడు నెలలు. అతనికి వారానికి రెండుసార్లు డయాలసిస్.

"తప్పు నాదే అత్తా. ఆనాడు నేనే గట్ల రాసిన."

సరోజన దగ్గి, కొంగుతో నోరు తుడుచుకుంది. "నువ్వేం జేస్తవ్ బిడ్డా? గప్పుడు గా బటన్ వెలగకపోతే ఆయన ఉండకపోవు. ఆయనది ముట్టకు."

జ్యోతిరాణి హైదరాబాదుకు ఫోన్ చేసింది. ఫిర్యాదు నమోదైందన్నారు. ఇంకొక నంబరుకు చేస్తే ఎత్తలేదు. పని వచ్చిన మనిషి, సాయం చేయాలన్న మనసు, ముందర కంప్యూటర్, అన్నీ ఉండి ఏమీ చేయలేక కూర్చోవడమంత నరకం ఇంకోటి లేదని ఆమెకు ఆ పూట తెలిసింది.

సరోజన లేవలేదు. ఆఫీసుకు వచ్చాక కాగితం లేకుండా ఇంటికి పోతే పని కాలేదని అర్థం. "ఆయన ఎదురుచూస్తుండు. ఏదో ఒక కాగితం ఇయ్యి" అంది.

తెరమీద వెలుగుతున్నది ఒకటే బటన్, యజమాని ధ్రువపత్రం ముద్రించు అని. జ్యోతిరాణి నొక్కింది. సరోజన ఆ కాగితాన్ని చదవలేదు. నాలుగు మడతలు పెట్టి డాక్టరు చీటీతో కలిపి కొంగున ముడేసుకుంది.

"కార్డు వచ్చిందని చెప్త" అని మెట్లు దిగింది.