తెడ్డుకు చెవి ఆనించే మా అన్న

మా చిన్నపోలయ్యన్న సముద్రంలో ఇంజిను ఆపించి, తెడ్డు నీళ్లలోకి దించి, దాని పిడికి చెవి ఆనించేవాడు. గొరక చేపలు నీళ్లలో గురగురమంటాయి. గుంపు ఎటుందో విని ఆయన చెయ్యెత్తితే, మా ఊరు జువ్వలదిన్నె పడవలు మూడూ ఆ వైపే వలలు వేసేవి. ఒడ్డుకొచ్చాక అన్నిటికన్నా పెద్ద చేప ఆయన చేతికే ఇచ్చేవారు. మా వాళ్లలో అంతకు మించిన మర్యాద లేదు.

ముప్పై ఏళ్లు ఇంజిను పక్కన కూర్చున్న మనిషి. చెవులు మాత్రం ఎన్నాళ్లు ఓర్చుకుంటాయి? మూడేళ్ల కిందట ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "గిరీ, నాకేం వినపడటంలేదురా. ఎవురికీ చెప్పబాక" అన్నాడు. అప్పట్నుంచి నేనే ఆయనకు ఎదురుగా కూర్చుని, కునుకు తీసినట్టు పడవ చెక్క మీద తల వాల్చి వినేవాణ్ణి. గుంపు కుడివైపుంటే ఆయన కుడికాలు తొక్కేవాణ్ణి, ఎడమవైపుంటే ఎడమకాలు. ఆయన చెయ్యెత్తేవాడు. చేప ఆయనకు, నిద్రమొహం అన్న పేరు నాకు.

మొన్న మాఘంలో పక్క పడవ కిషోర్, "పోలయ్యన్నా, ఈ నిద్రమొహాన్ని యాడ తగిలించుకున్నావు?" అన్నాడు. అందరూ నవ్వారు. మా అన్నా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. పాపం, ఆ మాట ఆయనకు వినపడనే లేదని, అందరూ నవ్వుతుంటే నవ్వాడని అప్పుడు తట్టలేదు.

మర్నాడు ఎడమవైపు గొరకలు ఒకటే గోల. నేను కాలు కదపలేదు. ఆయన నా మొహంలోకి చూశాడు. నేను చేతులు కట్టుకుని ఎటో చూశాను. కాసేపాగి కుడివైపు చెయ్యెత్తాడు. మూడు వలలూ ఖాళీగా వచ్చాయి. రెండోరోజూ అంతే చేశాను. మూడోరోజు ఆయన్ను ఎవరూ అడగలేదు. తెడ్డు ఇంటికి తెచ్చి వసారాలో పెట్టేశాడు.

చెంచమ్మ వదిన పోరితే అన్నను నెల్లూరు ఆసుపత్రికి తీసుకుపోయాను. పరీక్షలయ్యాక డాక్టరమ్మ కాగితం మీద నత్తగుల్లలాంటిది గీసింది.

"చెవిలో వినే కణాలు ఇవి. వీటి చుట్టూ ఉండేవి ఆసరా కణాలు. ఇవి వినవు. వినేవాటిని నిలబెట్టి, వాటి చుట్టూ లవణాలు ఎక్కువ తక్కువ కాకుండా చూస్తాయి. ఇవి దెబ్బతింటే, వినే కణం బతికున్నా సన్నని చప్పుడు పట్టుకోలేదు. ఈయనకు రెండు రకాలూ పోయినట్టుండాయి. ఇన్నాళ్లు పడవ మీద ఎట్లా నెట్టుకొచ్చినాడు? పక్కన ఎవరన్నా ఉండారా?"

నాకు సిగ్గుతో తల వాలిపోయింది.

బయట బల్ల మీద కూర్చున్నాక మా అన్న నా భుజం తట్టాడు. "ఆ పొద్దు పడవలో తొక్కలేదే, నీ కాలికేమయిందిరా? ముల్లు గుచ్చుకునిందా?"

అవునన్నట్టు తల ఊపాను.

"చెప్పుకోవద్దా?" అంటూ నా కాలు తన ఒళ్లో పెట్టుకుని, అరికాలంతా వేలితో తడిమి ముల్లు కోసం వెతకసాగాడు.