మాస్టారి శిల్పం, నా సంతకం

మా డ్రాయింగ్ మాస్టారు పోయారని పోయిన నెల ఆయన భార్య ఫోన్ చేసి చెప్పారు. పొద్దున కాఫీ తాగి పెరట్లోకి వెళ్లిన మనిషి మళ్లీ లోపలికి రాలేదట. అప్పటినుంచి నాకు ఓ చోట కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు.

పెడనలో, బళ్లో ఆయన దగ్గర చదువుకున్నాను. మాది నేతపని చేసే ఇల్లు. మగ్గం మీద మా నాన్న చేతులు గియ్యమని మాస్టారంటే, ఏదో పుస్తకంలో బొమ్మ చూసి గీసుకెళ్లాను. మాస్టారు కోప్పడలేదు. పెన్సిల్ మొన గోటి మీద ఆనించి చూసుకుంటూ, "ముందు చూడమ్మా, తర్వాత గియ్యొచ్చు" అన్నారు.

రిటైరయ్యాక గుణదలలో ఉంటూ శిల్పాలు చేసేవారు. మూడేళ్ల కిందట మా అపార్ట్‌మెంట్ ఎదుటి పార్కు కోసం కార్పొరేషన్‌వాళ్లు ఆయనతో ఒకటి చేయించారు. పొలంగట్టు మీద కూర్చుని బిడ్డకు పాలిస్తున్న కూలి మనిషి. రొమ్ము మీద కొంగు లేదు. వారానికే గొడవ మొదలైంది. పిల్లలు తిరిగే చోట ఇదేమిటన్నారు. ఎవరో చీర చుట్టి వెళ్లారు. మా కిటికీలోంచి దాని వీపే కనిపించేది, నేను దగ్గరికెళ్లి చూసింది లేదు. తీసేయించమని అసోసియేషన్ సెక్రటరీగారు అర్జీ తెస్తే లిఫ్ట్ దగ్గర నిలబడే సంతకం పెట్టేశాను. అది చేసిందెవరో తెలిసే పెట్టాను.

కార్పొరేషన్ ఆఫీసులో మాస్టారికి ఆ అర్జీ చూపించారు. సాయంత్రం నాకు ఫోన్ చేశారు.

"నీ సంతకం చూశానమ్మా. తప్పనిపించి పెట్టావా, అందరూ పెట్టారని పెట్టావా?"

"అందరూ పెట్టారని, మాస్టారూ."

"తప్పనిపించి పెట్టుంటే బాగుండేది. కనీసం చూశావనుకునేవాణ్ణి."

శిల్పాన్ని లారీలో ఆయనింటికి పంపేశారు. ఇరుగుపొరుగు ఇబ్బంది పడుతున్నారని పెరట్లో గోడవైపు తిప్పి పెట్టుకున్నారు. తర్వాత రెండుసార్లు వెళ్లాను, క్షమించమని అడుగుదామనే. టీ ఇప్పించారు, మా అమ్మాయి చదువెలా ఉందన్నారు, ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎత్తలేక వచ్చేశాను.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక మాస్టారి భార్య నన్ను పెరట్లోకి తీసుకెళ్లారు. "దీన్ని ఇటు తిప్పించమ్మా. ఆయన ఉండగా నా మాట వినలేదు" అన్నారు. నలుగురం కలిసి తోశాం. సగం తిరిగి, వానకు నానిన మట్టిలో దిగబడి ఆగిపోయింది. అప్పుడు చూశాను, మొదటిసారి. బిడ్డ పాలు తాగుతోంది. తల్లి బిడ్డవంక చూడటం లేదు. ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని, గట్టు కింద మలిచిన, ఇంకా నాట్లు పడని మడివంక చూస్తోంది.