సాంచాలు ఆపితే సినిమా లేదు

నా మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తీస్తామని హైదరాబాదు నుంచి ఒక దర్శకుడు సిరిసిల్లలో మా ఇంటికి వచ్చాడు. వ్యానులోంచి కెమెరాతో పాటు ఒక రాట్నం కూడా దిగింది. దాన్ని చూసి మా అవ్వ ముక్కున వేలేసుకుంది. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం.

మగ్గం నేసిన తాత పోవడంతోనే మా ఇంట్లో రాట్నం అటకెక్కింది. బాపు నడిపినవి కరెంటు మగ్గాలు. మేము సాంచాలంటాం. వాటి నూనె మరకలు పడి ఎవరూ కొనని తెల్లగుడ్డ మీదే నేను బొమ్మలు వేయడం నేర్చుకున్నాను. మరక ఎక్కడుంటే అక్కడి నుంచే నా గీత మొదలయ్యేది. "గిదేం బొమ్మనే? మరక కడగరాక రంగు పూసినవా?" అని వాడకట్టంతా నవ్వేది. నవ్వనీ. ఆ గుడ్డలే ఇప్పుడు ఢిల్లీ గ్యాలరీల గోడలెక్కాయి.

దర్శకుడు అవ్వను రాట్నం ముందు కూర్చోమన్నాడు. "ఊరికే తిప్పినట్టు చేయండమ్మా, చాలు. మీ సంప్రదాయం చూపించాలి."

"నాకు రాదు సారూ. నలభై ఏండ్లు మిషిను మీద నూలు కండెలు చుట్టిన. తీస్తే గా పనే తియ్యుండ్రి" అంది అవ్వ.

"ఆ మగ్గాల చప్పుడులో మాటలు వినబడవు. పైగా చూడ్డానికి అందంగా ఉండదు. కాసేపు అన్నీ ఆపేయించండి."

నాకు ఒళ్లు మండింది. ఆ చప్పుడులోనే పుట్టాను, చదివాను, గీశాను. ఒకనాడు సాంచాల మధ్య కుప్పకూలుతూ బాపు పిలిస్తే, పక్క గదిలో ఉన్న మాకు వినబడనిది కూడా ఆ చప్పుడు వల్లనే. దాన్ని తీసేసి నా బతుకు చూపిస్తానంటే ఎట్లా ఊరుకుంటాను?

"సాంచాలు ఆపితే సినిమా లేదు. రాట్నం వ్యానుల పెట్టుకోండ్రి" అన్నాను.

"మేడమ్, ఇలాంటి అవకాశం మళ్లీ రాదు."

"రాకపాయె."

సాంచాల షెడ్డులోకి పోయి, ఆగి ఉన్నవాటిని కూడా కలిపి నాలుగూ నడిపించి, వాటి మధ్య నిలబడ్డాను. కాసేపు తటపటాయించి కెమెరా లోపలికి వచ్చింది. మీ నాన్నగారి గురించి చెప్పమని దర్శకుడు అరిచాడు. బాపు పోయిన రోజు సంగతంతా చెప్పాను.

"వినబడటం లేదు మేడమ్!" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ఇనవడలేదన్న సంగతే చెప్తున్న!" అని గొంతు చించుకున్నాను. "గట్లనే తియ్యుండ్రి!"