ముకల్లా మన్ను

దయ్యాలు, చిల్లంగులు, శకునాలు నేను ఏనాడూ నమ్మలేదు. మట్టిపని చేసే వాళ్ళం మేము. దయ్యాలకు భయపడితే మా పొయ్యి మీదికి కుండ ఎక్కేది కాదు. మనుషులు దూకి చచ్చిన బావుల్లో దిగి పూడిక తీశాను. శవాలను పూడ్చే బొందలగడ్డ పక్కన సగం తవ్విన గుంతలో కూర్చుని సద్దిమూట విప్పుకొని తిన్నాను, అక్కడే కునుకు తీశాను. నా కాలు పట్టుకొని లాగిన దయ్యం ఒక్కటీ లేదు. ఎవరైనా దయ్యాన్ని చూశానని చెబితే, ఆ రోజు ఎంత కల్లు తాగావని అడిగేదాన్ని.

ఈ సంగతి మాత్రం వేరు. నాకు చదువు రాదు, నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. నిజమేనా అవ్వా అని ఇప్పటికే రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగితే కలం కింద పెట్టమన్నాను.

మాది పాలమూరుకు ఆమడ దూరంలో ఉన్న చిన్న ఊరు. అప్పటికింకా నిజాం రాజ్యమే నడుస్తోంది. మా ఇంట్లో మగవాళ్ళు బావులు తవ్వేవారు, ఎక్కడ తవ్వాలో మా అత్త కిష్టమ్మ చెప్పేది. ఆమె మాట మీదే గడ్డపార పడేది. చుట్టుపక్కల ఊళ్ళ దొరలు కూడా ఆమెను పిలిపించేవారు. మామూలు రోజుల్లో మేము దొర ఉండే గడి గుమ్మం ముందు చెప్పులు విడిచి, తలొంచుకొని నిలబడాలి. జాగా చూపించే రోజున మాత్రం మా అత్త ముందు నడిచేది, దొర ఆమె వెనక నడిచేవాడు. అది చూసినప్పుడల్లా నా ఛాతీ ఉప్పొంగేది. ఆమె మాట రెండుసార్లు తప్పింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మిగతా అన్ని చోట్లా నీళ్ళు పడ్డాయి.

ఆమె పద్ధతి ఒకటుండేది. మోకాలి లోతు తవ్వి పిడికెడు మన్ను తీసుకొచ్చేది. దాన్ని కొత్త తెల్లగుడ్డలో మూటకట్టి, ఎండిన చెక్క మీద పెట్టి, పైన కొత్త కుండ బోర్లించేది. పొద్దున కుండ ఎత్తి గుడ్డను చెంపకు ఆనించి చూసేది. చల్లగా తగిలితే అక్కడ నీళ్ళు ఉన్నట్టు. దీన్ని మేము మన్ను పండబెట్టడం అనేవాళ్ళం. చల్లదనం అంటే అంతే, చెంపకు మాత్రమే తెలిసేంత. గుడ్డ తడవడం నేను ఎప్పుడూ చూడలేదు.

నేను కాపురానికి వచ్చిన రెండో ఏడు సరిగా వానలు లేవు. మూడో ఏడూ లేవు. బావి తవ్వించుకునే స్థోమత ఏ రైతుకూ లేకుండా పోయింది. అప్పుడు ఒక గుత్తేదారు వచ్చాడు. అరబ్బుల దేశంలో బావులు తవ్వడానికి పాలమూరు మనుషులు కావాలన్నాడు. రెండు రేవులు చెప్పాడు. ఒకటి ఏడెన్, ఇంకోటి ముకల్లా. ముకల్లాలో కూలి బాగా ఎక్కువ. పది మంది మగవాళ్ళు కావాలి, వాళ్ళకు మా ఇంటాయన మేస్త్రీ. అప్పటికి నేను మూడు నెలల కడుపుతో ఉన్నాను.

ఎటు పోవాలో తెలియక మేము చావూష్ తాత దగ్గరికి వెళ్ళాం. ఆయన అరబ్బు. చిన్నప్పుడే నిజాం ఫౌజులో చేరడానికి వచ్చి, ముసలితనంలో పాలమూరులో పత్తి మిల్లు గేటు దగ్గర కావలి కాస్తున్నాడు. తెలుగు మాకంటే బాగా తిట్టేవాడు. సముద్రం దాటే మనిషికి తెలియాల్సినవన్నీ ఆయనే చెప్పాడు. సామాను తక్కువ, నీళ్ళు ఎక్కువ పెట్టుకోవాలి. కాగితాలు గుత్తేదారు చేతికి కూడా ఇవ్వకుండా నడుముకు కట్టుకోవాలి. మిరుగం కార్తె వచ్చి వానగాలి లేచాక సముద్రం ఎక్కకూడదు. ఓడ గాలికి చాటుగా ఒడ్డు దగ్గర ఆగే రేవు మంచిది, దూరంగా సముద్రంలోనే ఆగి చిన్న పడవల్లో దించే రేవు మంచిది కాదు.

మరి ఈ రెండింట్లో ఏది మంచిదని అడిగితే, ఆలోచించకుండా ముకల్లా అన్నాడు. అది ఆయన సొంత ఊరు. గుత్తేదారు తనను కూడా తోడు తీసుకెళ్తానన్నాడని, నలభై ఏళ్ళ తర్వాత అమ్మ సమాధి చూస్తానని చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

మా ఇంటాయనకు అక్కడితో తేలిపోయింది. మా అత్తకు తేలలేదు. గుత్తేదారు ముందస్తుగా బయానా డబ్బులు ఇవ్వబోతే ఆమె ముట్టుకోలేదు.

"నేను జూడని మన్నుల నా కొడుకును దించ. రెండు జాగల కెళ్ళి పిడికెడు పిడికెడు మన్ను తెప్పియ్యి, గప్పుడు చెప్త" అంది.

గుత్తేదారు పగలబడి నవ్వాడు. కానీ పాలమూరు వాళ్ళలా రాతిలో బావి దింపే వాళ్ళు ఆయనకు ఇంకెక్కడ దొరుకుతారు? ఉత్తరం రాశాడు. రెండు నెలలకు, ఓడలో తిరిగొచ్చిన ఒకాయన వెంట రెండు రేకు డబ్బీలు వచ్చాయి. మూతలకు లక్క వేసి ఉంది, పైన ఉర్దూలో పేర్లున్నాయి. మిల్లు మున్షీ చదివి చెప్పాడు. నేనే ముకల్లా మన్ను మూటకు ఎర్ర దారం, ఏడెన్ మన్ను మూటకు నల్ల దారం కట్టాను. అందుకే తారుమారయ్యాయని ఎవరైనా అంటే ఒప్పుకోను.

రెండు మన్నులూ వేయించిన పిండిలాగా పొడిగా ఉన్నాయి. అది వైశాఖం. కార్తీకం నుంచి చుక్క వాన లేదు. మా ఇంట్లో తాగే నీళ్ళ కుండ కూడా బయట పందిరి కింద ఉండేది. రెండు మూటలూ ఇంటి లోపల రెండు చెక్కల మీద పెట్టి, రెండు కొత్త కుండలు నేనే బోర్లించాను. గింత దూరం కెళ్ళి వచ్చిన మన్ను పలుకుతదో లేదో అని మా అత్తే అనుమానపడింది.

తెల్లారి పదిమందీ, గుత్తేదారూ మా ఇంట్లో చేరారు. మా అత్త నల్ల దారం మూట మీది కుండ ఎత్తింది. పొడిగా ఉంది. చెంపకు ఆనించుకొని, చల్లదనం కూడా లేదంది. తర్వాత ఎర్ర దారం కుండ ఎత్తింది.

మూట తడిసి ముద్దయి ఉంది. గుడ్డ అంచు నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా చెక్క మీదికి కారుతున్నాయి. చెక్క కింద నేల తడిసింది. బోర్లించిన కుండ లోపల మాత్రం తేమ లేదు, నేను చెయ్యి పెట్టి చూశాను.

అందరి ముఖాలూ వెలిగిపోయాయి. ఇంతగా నీళ్ళు పలికిన మన్నును ఎవరు చూశారు? గుత్తేదారు అప్పుడే బయానా సంచీ విప్పాడు. మా అత్త మాత్రం కదల్లేదు. ఆ తడిలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది. ఉమ్మేసింది. నన్ను పిలిచి నా నాలుకకు కూడా రాసింది. ఉప్పగా ఉంది. ఉప్పు ఒక్కటే కాదు, వెనకాల ఏదో చేదు. నేనూ ఉమ్మేశాను.

మా ఇంటాయనకు కోపం వచ్చింది. నీళ్ళు కండ్ల ముంగట కారుతుంటే ఇంకేం గావాలె నీకు, ఉప్పుంటే చౌడు నేల అయ్యుంటది అని తల్లి మీద గట్టిగా అరిచాడు. మా అత్త గొంతు పెంచలేదు.

"చౌడు నీళ్ళు నేను పుట్టినకాడ్నుంచి తాగుతున్న కొడకా. చౌడు నాలిక మీద్నే ఆగుతది. ఇది గొంతు పట్టుకుంటాంది. ఇది భూమి నీళ్ళు గాదు."

"మరి ఏడివి?"

"నాకెర్క లేదు. నాకు ఎర్క లేని నీళ్ళల్ల నిన్ను దించ. పోతె ఏడెన్ పో, లేకుంటె ఇంట్ల ఉండు."

ఆయన విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. గుత్తేదారు ముసలిదాని చాదస్తమని గొణిగాడు. నాకు భయమేసింది, సిగ్గు కూడా వేసింది. ఇంటికి వచ్చిన కూడును అత్త కాలితో తన్నుతోందని లోపల తిట్టుకున్నాను కూడా. ఇప్పుడు చెప్పుకోవడానికి నాకేమీ నామోషీ లేదు.

మధ్యాహ్నానికి చావూష్ తాత వచ్చాడు. తన ఊరి మన్ను అంతగా పలికిందని ఎవరో చెబితే సంబరంగా వచ్చాడు. అప్పటికి ఎండ వేడికి మూట ఆరిపోయి, గుడ్డ మీద తెల్లగా ఉప్పు పొక్కు కట్టింది. ఆయన దాన్ని గోటితో గీకి వాసన చూశాడు. ఆయన ముఖంలో సంబరం పోయింది. వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"ముకల్లల ఓడ ఒడ్డుకు రాదు కిష్టమ్మ. దూరంగ ఆగుతది, పడవలల్ల దిగాలె. గా మాట మీకు జెప్పలె. నా ఊరు గదా అని మింగిన" అన్నాడు.

ఆ మాట మా ఇంటాయన చెవిన పడింది. ఇక వాదించలేదు. మిగతా తొమ్మిది మందీ ఆయన ఎటంటే అటే. తక్కువ కూలికి ఏడెన్‌కు ఒప్పుకున్నారు. మా అత్త చావూష్ తాతను కూడా వదల్లేదు. ఆ రేవులో దిగనని, ఏడెన్ దాకా పోయి అక్కడి నుంచి నేల దారిన ఊరు చేరతానని ఆయన చేత ఒట్టు వేయించుకుంది.

మిరుగానికి ముందే బయలుదేరారు. తర్వాత రెండేళ్ళ పాటు మా ఇంటాయన ఇంటికి రాలేదు, ఉత్తరాలు మాత్రం వచ్చేవి. ఆయన అక్కడుండగానే మా పెద్దాడు పుట్టాడు. ఆయన తిరిగొచ్చి వాకిట్లో నిలబడితే, పిల్లాడు ఎవరో అనుకొని నా కొంగు చాటుకు వచ్చాడు.

జరిగింది ఆయన నోటితో చెప్పినట్టే చెబుతున్నాను. బొంబాయిలో ఎక్కిన ఓడ దారిలో ముకల్లా దగ్గర ఆగింది. గాలి అప్పటికే లేచింది. గుత్తేదారు మనుషులు ఇద్దరు, వేరే పని మీద, సామానుతో పడవలోకి దిగారు. మా వాళ్ళు పదిమందీ, చావూష్ తాతా ఓడ కటకటాలు పట్టుకొని చూస్తున్నారు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది. ఒక అల లేచి పడవను బోర్లా తిప్పేసింది. ఒకడు తేలాడు. రెండోవాడు, కళ్ళజోడు పెట్టుకొని లెక్కలు రాసే కుర్రగుమాస్తా, మళ్ళీ కనబడలేదు. మా వాళ్ళంతా బావుల్లో చేపల్లా ఈదేవాళ్ళే, కానీ ఆ నీళ్ళను చూసి ఒక్కరూ దూకలేదని ఆయన ఏమీ దాచకుండా చెప్పాడు. మేము ముకల్లా ఒప్పుకొని ఉంటే పదకొండు మందీ ఆ పడవలోనే ఉండేవాళ్ళు.

ఆ గుమాస్తాకూ ఒక తల్లి ఉంటుంది. ఆమెకు మన్ను చూసే విద్య తెలియదు. అది గుర్తొచ్చినప్పుడు నా గర్వం కాస్త తగ్గుతుంది.

ఏడెన్ దగ్గర నేలలో మూడు నెలలు తవ్వినా చుక్క పడలేదట. చూసిన వాళ్ళంతా నవ్వారట. పోయేటప్పుడు మా అత్త చెప్పి పంపిన మాట పట్టుకొని మా ఇంటాయన ఆపలేదు. పొడిగున్నదంటె నీళ్ళు లేవని గాదు, లోతుకున్నయని లెక్క అని ఆమె చెప్పింది. తొమ్మిది మనిషి నిలువుల లోతున, రాయి పగిలిన చోట నీళ్ళు పడ్డాయి. తియ్యటి నీళ్ళు. ఆ రోజు నవ్విన వాళ్ళే ఒంటెల మీద తోలుతిత్తులు వేసుకొని వచ్చి నింపుకున్నారట. దాన్ని అక్కడివాళ్ళు హైదరాబాదోళ్ళ బావి అని పిలిచేవారట. హైదరాబాదు కాదు, పాలమూరు అని మా ఇంటాయన ఎంత చెప్పినా వాళ్ళ నోరు తిరగలేదట. చావూష్ తాత ఒంటెల బిడారుతో నేల దారిన తన ఊరు చేరాడు, అమ్మ సమాధి చూశాడు. కబురు పంపాడు.

మా ఇంటాయన ఒక సీసాలో ఆ బావి నీళ్ళు పట్టుకొచ్చాడు. మా అత్త ఒక గుక్క తాగి, మిగతాది మా పెద్దాడి నోట్లో పోసింది.

మా మనవరాలి భర్త బడి పంతులు. ఉప్పు మన్ను గాలిలో తేమ పీల్చుకుంటుందని చెబుతాడు. మంచి పిల్లాడే, నేను ఎదురు చెప్పను. కానీ పాలమూరు వైశాఖంలో గాలిలో తేమ ఎక్కడుంది నాయనా? ఉంటే కుండ లోపల చెయ్యికి తగలదా? ఏడెన్ మన్ను కూడా సముద్రం పక్కదే కదా, అదెందుకు తడవలేదు?

చివరగా ఒకటుంది. రజాకార్ల గొడవలు ముదిరిన రోజుల్లో ఊళ్ళో ఉండలేక మేము కూలికి బొంబాయి పోయాం. మా అత్త కూడా వచ్చింది. ఒక సాయంత్రం అందరం సముద్రం చూడడానికి వెళ్ళాం. అంతవరకు నేను గానీ, ఆమె గానీ సముద్రం ఎలా ఉంటుందో ఎరగం. అల వచ్చి నా పాదాలు తడిపింది. వంగి వేలు ముంచి నాలుకకు రాసుకున్నాను.

అదే ఉప్పు, వెనకాల అదే చేదు. మా ఇంట్లో, చెక్క మీది మూట నుంచి నా నాలుక మీదికి వచ్చిన రుచి. మళ్ళీ వేలు ముంచి మా అత్త నోటి దగ్గర పెట్టాను.

ఆమె రుచి చూసి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"గదే" అంది. "గిన్ని నీళ్ళున్నయి, గుక్కెడు తాగరావు. తాగేటి నీళ్ళు మనోళ్ళు తీసిన్రు."

ఇంత దూరపు నీళ్ళు మన ఇంట్లోకి ఎట్లా వచ్చాయి అత్తా అని అడిగాను. ఎర్క లేదు బిడ్డా అంది. నీళ్ళ విషయంలో ఆ మాట ఆమె నోట నేను విన్నది ఆ రెండుసార్లే, రెండుసార్లూ ఈ నీళ్ళ గురించే. భూమి కడుపులోని నీళ్ళను చెంపతో పట్టిన మా అత్తకే తెలియనిది, ఇంకెవరో చెబితే నేను నమ్మను.