మేకతో మాట్లాడే భాష

1968 మార్చిలో ఒక శుక్రవారం. గోదావరిఖనిలో మా గని ఆఫీసు వరండాలో ఉన్నది ఐదుగురం: కొలామీ నేర్చుకోవడానికి విదేశం నుంచి వచ్చిన దొర, ఆయనకు ఆ భాష నేర్పిన కొలాం తెగ తాత, ముగ్గురు గుమాస్తాలం.

తాత గనిలో కర్రదుంగలు మోసేవాడు. భార్య పోయింది. పిల్లలు తెలుగుకు మారారు. ఇక ఆయన తన భాషలో మాట్లాడేది ఇంటి మేకతోనే. ఐదారేళ్లుగా ఆయన్ని రోజూ చూస్తున్న చదువుకున్నవాళ్లం, మేము ఒక్క మాటా నేర్చుకోలేదు. దొర మాత్రం మూడు నెలలు ఆ మేక పక్కనే కూర్చుని, ప్రతి మాటకూ "ఇంకోపారి, తాతా" అంటూ పుస్తకం నింపాడు.

ఆ రోజు దొర సెలవు తీసుకుంటూ, తాత చేతులు పట్టుకొని కొలామీలో ఏదో గంభీరంగా పలికాడు. మేము చప్పట్లు కొట్టాం.

"ఏమన్నడు తాతా?" అని అడిగాను.

"దా బిడ్డా, మేత మెయ్యి, పొడవకు అన్నడు సారూ."

కడుపులు పట్టుకొని నవ్వాం. తాత నవ్వలేదు.

"మేక మాటైతేంది? మా భాషల నాతోటి మనిషి మాట్లాడి ఎన్నేండ్లాయె. ఇగ ఎవ్వలున్నరు?"

మర్నాడు పొద్దున హాజరు వేస్తుంటే తాత నా బల్ల ముందు నిలబడి, దొర పలికిన ఆ కొలామీ మాటే అన్నాడు. నేను పెన్ను పట్టుకొని తెల్లమొహం వేశాను.

"మేకకైతే సమజైతది సారూ," అన్నాడు.

"ఇంకోపారి, తాతా," అన్నాను.