కామేశ్వరి ఆంటీ, ఆవిడ ఏడుగురు

పొద్దున్నే షాపు తెరిచి బైండింగ్ మెషీన్ ఆన్ చేస్తే పది నిమిషాల్లో జిగురు కరిగి వాసన మొదలవుతుంది. మాడిన పాలూ, కొత్త చెప్పులూ కలిపినట్టుండే వాసన. టోవా పాయోలో మా బ్లాకు కింద నేను అట్ట వేసిన థీసిస్‌లకు లెక్క లేదు. ఎంతోమంది నా చేతుల మీదుగా డాక్టర్లయ్యారు. మలేషియాలో రెండో ఫారంతో, అంటే ఎనిమిదో తరగతితో, బడి మానేసి ఇక్కడికి వచ్చిన నాకు మాత్రం, అంత చదువులోంచి తలకెక్కింది ఈ వాసన ఒక్కటే. షాపుకు వచ్చిన ప్రతివాళ్ళకూ ఈ మాట చెప్పి నవ్విస్తుంటాను. కామేశ్వరి ఆంటీకి కూడా మొదటిరోజే చెప్పాను. ఆవిడ నవ్వలేదు. "అయితే ముక్కు బాగానే పనిచేస్తోందన్నమాట. చెవులెలా ఉన్నాయి?" అన్నారు.

అప్పటికి ఆవిడకు డెబ్భై ఆరేళ్ళు. సన్నగా, పొడుగ్గా, ఈ ఊరి ఎండలో కూడా ఉన్ని చొక్కా వేసుకుని వచ్చారు. గుంటూరు జిల్లాలో పుట్టి, పెళ్ళయి కెనడా వెళ్ళి, విన్నిపెగ్‌లో నలభై ఏళ్ళున్నారు. పగలు ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పని. ఆ ఉద్యోగం చేస్తూనే ఇంగ్లీషులో రెండు కథల పుస్తకాలు రాశారు. వాటిని వేసిన చిన్న ప్రచురణ సంస్థ మూతపడింది, అమ్ముడుపోని ప్రతులు అట్టపెట్టెల్లో ఇంటికొచ్చాయి. భర్త పోయాక ఒంటరిగా ఉండలేక ఇక్కడికి దగ్గరే, బిషాన్‌లో ఉన్న చెల్లెలి కూతురు లావణ్య దగ్గరికి వచ్చేశారు. ఇదంతా నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. తన సంగతి అడిగితే ఆవిడ మాట తప్పించేవారు. "నా పుస్తకాలా? చలికాలంలో తలుపు కింద గాలి రాకుండా అడ్డంపెట్టడానికి బాగా పనికొచ్చాయి" అనేవారు. నేను నవ్వేవాణ్ణి. అంతకుమించి అడిగేవాణ్ణి కాదు.

మొదటిరోజు ఆవిడ అడిగింది చిత్తు కాగితాలు. జెరాక్స్ మెషీన్‌లో వంకరగా పడినవీ, మసిగా వచ్చినవీ రోజుకు ఓ కట్ట పారేస్తాం. వాటి వెనకవైపు రాసుకుంటానన్నారు. కొత్త కాగితమే ఇస్తాను ఆంటీ అంటే ఒప్పుకోలేదు. తెల్ల కాగితం చూస్తే చెయ్యి బిగుసుకుపోతుందట. ఒకవైపు ఇంకెవరిదో ట్యూషన్ ప్రకటన ఉంటే, రెండోవైపు తప్పు రాసినా ఫరవాలేదనిపిస్తుందట. అలా ప్రతి బుధవారం మధ్యాహ్నం, షాపులో పని తక్కువగా ఉండే వేళకు వచ్చి, పోయినవారం రాసింది చదివి వినిపించి, కొత్త చిత్తు కట్ట తీసుకువెళ్ళేవారు. నాకే ఎందుకు వినిపిస్తున్నారని ఒకసారి అడిగాను.

"నీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే కదా అప్పన్నా."

"అంటే నేను మీకు తూకంరాయినా ఆంటీ?"

"రాయి మాట్లాడదు. నువ్వు ఆగవు. అదొక్కటే తేడా."

ఆవిడ తెలుగులో రాస్తున్నది ఏడుగురు ఆడవాళ్ళ గురించి. అందరూ కెనడాలో రాసినవాళ్ళే. పేరున్నవాళ్ళు కాదు. ఒకటో రెండో పుస్తకాలు వేసి, ఊరి గ్రంథాలయంలో ఒక మూల మిగిలి, తర్వాత ఆ మూలలో కూడా లేకుండా పోయినవాళ్ళు. ముప్పై ఏళ్ళలో ఆవిడ బస్సుల్లో మంచు దాటుకుంటూ వెళ్ళి ఒక్కొక్కరినీ కలిశారు, వాళ్ళ వంటింట్లో కూర్చుని మాట్లాడారు. ఇంగ్లీషులో ఎందుకు రాయలేదంటే, "అక్కడివాళ్ళకు చెప్పి చూశాను, ఎవరికీ అక్కర్లేకపోయింది. మనవాళ్ళలో ఎక్కడో ఒకామె వంట చేస్తూ గరిటె పక్కన కాగితం పెట్టుకుని ఉంటుంది. ఆవిడ కోసం" అన్నారు. ఆ ఏడుగురూ చనిపోయారు. వాళ్ళ మాటలు బతికున్నది ఆ చిత్తు కాగితాల వెనక మాత్రమే.

నాకు తెలుగు మాట్లాడటమే వచ్చు. "మా తాత శ్రీకాకుళంలో ఓడెక్కినప్పుడు నోరు తెచ్చుకున్నాడు గాని పుస్తకం తెచ్చుకోలేదు ఆంటీ" అన్నాను. ఆవిడ అప్పటికప్పుడు మార్కర్ తీసుకుని ఒక థీసిస్ అట్టముక్క మీద అక్షరాలు రాసి నా ముందు పెట్టారు. యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నవాణ్ణి, 'ఋ' దగ్గర కూర్చుని చెమటలు కక్కాను. ఏడాది తిరిగేసరికి ఆవిడ రాసినదాంట్లో ఒక పేజీ నేనే పైకి చదివేవాణ్ణి. తడబడితే ఆవిడ నన్ను సరిదిద్దేవారు కాదు, తన వాక్యాన్నే సరిదిద్దుకునేవారు. జీవితంలో నా తప్పుకు ఇంకొకరు కలం పట్టడం అదే మొదటిసారి.

అయితే నేను ఊరికే వినే మనిషిని కాదు. ప్రతి పేజీకీ ఒక జోకు వేయాలి. ఐరీన్ అని ఒకావిడ. నలుగురు పిల్లలు. ఇంట్లో గడియ పడే తలుపు స్నానాలగదికి ఒక్కదానికే ఉంది. అందుకని ఎండిన తొట్టిలో దుప్పటి పరుచుకుని, మోకాళ్ళ మీద చెక్క పెట్టుకుని నవల రాసింది. "అందుకేనేమో ఆ పుస్తకం మునిగిపోయింది" అన్నాను. ఎడ్నా అని ఇంకొకావిడ బడిలో వంటమనిషి. పిల్లల భోజనాల పట్టీల వెనక రాసేది. పుస్తకం వచ్చాక ఊళ్ళోవాళ్ళందరూ అందులో తమను చూసుకుని ఆవిడతో మాట్లాడటం మానేశారు. "తిండిపెట్టిన చేత్తోనే వాళ్ళనూ వండేసిందన్నమాట" అన్నాను. ఆంటీ నవ్వేవారు. నవ్వుతూనే కళ్ళద్దాలు తుడుచుకునేవారు. ఆవిడ నవ్వితే నేను పని బాగా చేసినట్టు నాకు అనిపించేది.

నకలు తీసి ఇస్తానని ఎన్నిసార్లు అడిగానో. షాపే నాది, మెషీన్ ముందే కూర్చుంటాం. ఫోన్‌తో ఫొటోలు తీస్తానని లావణ్య కూడా బతిమాలింది. ఆంటీ వినలేదు. "పూర్తికాని బిడ్డకు ఫొటోలేమిటే. చివరి వాక్యం పడ్డాక అప్పన్న చేత్తోనే నకలు తీయిస్తాను, వాడే అట్ట వేస్తాడు" అన్నారు. నేను కూడా అట్టకు ముదురు ఎరుపు గుడ్డ కొని పెట్టుకున్నాను.

చివరి వాక్యం పడిన రోజు కూడా బుధవారమే. వాన వచ్చేట్టుందని నేనే బిషాన్ వెళ్ళి ఆవిణ్ణి ట్రైన్‌లో తీసుకొచ్చాను. కాగితాల కట్ట నా చంకలో ఉంది. దాదాపు మూడేళ్ళ పని. షాపు రెండడుగుల దూరంలో ఉండగా ఆవిడ ఆగారు. "ముందు టీ తాగుదాం అప్పన్నా. ఇంతసేపు ఆగింది, ఇంకో పావుగంట ఆగుతుంది." ఎదురుగా తిండి అంగళ్ళన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్, మధ్యాహ్నం భోజనాల జనం. ఇక్కడ బల్ల దొరికితే దాని మీద ఒక టిష్యూ ప్యాకెట్ పెట్టి తిండి తెచ్చుకోవడానికి వెళ్ళిపోవచ్చు. ఇక ఆ బల్ల మనదే, ఎవరూ కూర్చోరు. దాన్ని చోప్ చేయడం అంటారు. నా జేబులో టిష్యూ ప్యాకెట్ ఉంది. అది చాలు. కాని నోరు ఊరుకోదుగా. కాగితాల కట్టను బల్ల మధ్యలో దబ్బున పెట్టి, రాత ఎవరి కంటా పడకుండా ట్యూషన్ ప్రకటన వైపు పైకి తిప్పి, దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టాను.

"చూడండాంటీ, మీ పుస్తకం మొదటిసారి ఒక పనికొచ్చింది. మనకు కుర్చీ పట్టింది."

ఆవిడ ఎంత నవ్వారంటే నా భుజం పట్టుకోవాల్సి వచ్చింది. "పద, పద. ఆ టీలో పంచదార సంగతి నేనే చెప్పుకోవాలి, నువ్వు చెబితే పానకం చేస్తాడు" అన్నారు. ఇద్దరం వెళ్ళాం. వరసలో ఆరేడుగురున్నారు.

తిరిగొచ్చేసరికి బల్ల తడిగుడ్డతో తుడిచి మెరుస్తోంది. మధ్యలో టిష్యూ ప్యాకెట్, చక్కగా, అంచుకు సమానంగా పెట్టి ఉంది. అంతే.

బల్లలు తుడిచే ముసలి చైనీస్ అంకుల్ మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. "మీ సీటు ఎవరికీ ఇవ్వలేదులే. ఎవరో చెత్త కాగితాలు వదిలేసి పోయారు, పక్కబల్ల సూప్ కూడా ఒలికింది. అంతా క్లియర్ చేసేశాను" అన్నాడు వచ్చీరాని ఇంగ్లీషులో. సాయం చేసిన మనిషి ముఖం అది. ఎప్పటికీ మరిచిపోలేను. చెత్త బండి అప్పుడే కిందికి పోయింది. పరుగెత్తాను. చెత్త నొక్కే యంత్రం ఆపించి, మోచేతుల దాకా చేతులు పెట్టి వెతికాను. దొరికినవి తొమ్మిది కాగితాలు. నల్ల సాస్‌లో నాని, సిరా కరిగి, ఒక్క వాక్యం కూడా నిలవలేదు. పైకొచ్చేసరికి ఆంటీ అదే బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. ముందు రెండు టీలు చల్లారిపోయాయి. ఆ అంకుల్ పక్కన నిలబడి ఏడుస్తున్నాడు. ఆంటీ ఆయన చెయ్యి నిమురుతున్నారు.

ఆవిడ నన్ను తిట్టలేదు. తర్వాతి బుధవారం మామూలుగానే వచ్చి, చిత్తు కట్ట ముందు పెట్టుకుని, "చెప్పు. నువ్వు మూడేళ్ళు విన్నావు. నీకేం గుర్తుంది?" అన్నారు. నాకు గుర్తున్నవి నా జోకులు. జోకు వేసినచోట ఆ మనిషి గుర్తుంది. జోకు దొరకని పేజీలు, ఆవిడ గొంతు తగ్గించి చదివిన పేజీలు, ఒక్కటీ లేవు. ఆవిడ అడుగుతూ పోయారు. చేపల ఫ్యాక్టరీలో పనిచేసినావిడ తల్లికి రాసిన ఉత్తరం గుర్తుందా? లేదు. పసుపుపచ్చ కోటు ఆవిడ ఎందుకు రాయడం మానేసింది? కోటు గుర్తుంది, కారణం లేదు.

"చేపల ఫ్యాక్టరీ ఆవిడ పుస్తకాన్ని మొగుడు పొయ్యిలో పెట్టాడు కదాంటీ. ఆవిడ మళ్ళీ మొదటినుంచీ రాసింది, మీరే చదివారు" అన్నాను, అదొక్కటి దొరికినందుకు సంబరంగా.

"రాసింది. ఆవిడకు అప్పుడు ముప్పై ఏళ్ళు అప్పన్నా."

 చివరకు నా పాత మాటే బయటకు తీశాను. "చదువులేని మొద్దునాంటీ. కాగితం విలువ నాకేం తెలుసు?"

ఆవిడ కలం మూతపెట్టారు. "పుస్తకం పోయింది చదువు లేక కాదురా. నన్ను నవ్వించాలని పోయింది. నవ్వాను కాబట్టి నాకూ భాగముంది. దాన్ని చదువు మీదికి నెట్టకు."

ఆ తర్వాత మూడు నాలుగు బుధవారాలు వచ్చారు. పేజీకి ఒక పేరు రాసి, కింద కలం ఆనించి, చుక్క పడేదాకా ఉంచి, తీసేసేవారు. ఒకరోజు అడిగారు, ఆ ఎర్రగుడ్డ ఏం చేశావని. ఉందన్నాను. "వేరే ఎవరికైనా వాడెయ్యి" అన్నారు. తర్వాత స్నానాలగదిలో పడి తుంటి విరిగింది. ఆసుపత్రికి వెళితే కిటికీ వైపు తిరిగి పడుకునేవారు. నేను జోకులు వేయలేదు. వేయమని ఆవిడ అడగలేదు. ఒకసారి దుప్పటి అంచు పట్టుకుని చాలాసేపు మడతపెట్టారు, విప్పారు, మళ్ళీ మడతపెట్టారు. పోయిన డిసెంబరు వానల్లో వెళ్ళిపోయారు. దహనానికి ఆరుగురం వచ్చాం.

నెల తర్వాత లావణ్య షాపుకు వచ్చింది. ఆంటీ రాసిన పేర్ల కాగితాలూ, ఆవిడ ఇంగ్లీషు పుస్తకాలు రెండూ నా బల్ల మీద పెట్టింది. "ఇవి మీకిమ్మంది అంకుల్" అని వెళ్ళిపోయింది. ఆ పుస్తకాల వెన్ను ఊడిపోయి ఉంది. రెండింటికీ ఎర్రగుడ్డతో అట్ట వేసి అరలో పెట్టేశాను. పేర్ల కింద నాకు తెలిసింది రాయడం మొదలుపెట్టాను, ఆవిడ నేర్పిన అక్షరాలతోనే. తొట్టిలో ఐరీన్. భోజనాల పట్టీల వెనక ఎడ్నా. పొయ్యిలో పుస్తకం పోయినావిడ. పసుపుపచ్చ కోటు. మిగిలిన ముగ్గురి పేర్ల కింద తెల్లగానే ఉంది. రోజూ జిగురు కరిగే దాకా ఆ మూడు కాగితాల ముందు కూర్చుంటాను. కూర్చుంటే వస్తుందని కాదు. కూర్చోకపోతే వాళ్ళు ఇంకోసారి చెత్తబండి ఎక్కుతారని.

పోయిన బుధవారం లావణ్య ఆఫీసు నుంచి ఇటు వచ్చింది. రాసినంతవరకూ చూపించాను. నిలబడే చదివింది. ముఖంలో ఏమీ కనపడలేదు. నాకు భయమేసింది. భయమేస్తే నా నోరు ఏం చేస్తుందో ఇప్పటికి మీకూ తెలుసు.

"ఏడుగురిలో కోటుతో కలిపి మూడున్నర మందిని మిగిల్చానమ్మా. సగం వస్తే పాసే కదా, నా జన్మలో మొదటిసారి" అన్నాను.

లావణ్య కాగితాలు సర్ది, అంచులు సమానం చేసి, జాగ్రత్తగా నా చేతికిచ్చింది.

"ఏడుగురు కాదంకుల్, ఎనిమిది మంది. ఆ ఎనిమిదో రైటర్ బుక్స్ రెండూ మీరే బైండ్ చేసి ఇక్కడే పెట్టుకున్నారు. ఇంకా ఓపెన్ కూడా చేయలేదు. వాటినైతే ఏ క్లీనరూ తీసుకుపోలేదు కదా."