గాలికి కట్టిన పలుపు

నా చిన్నప్పుడు తుపాను అంటే మాకు గాలి ఒక్కటే. శ్రీకాకుళంలో నాగావళి గట్టున మా ఇల్లు. సముద్రం ఎక్కడో ఉంది, మనకేం భయం అనుకునేవాళ్ళం. ఆ ఏడు తుపాను వస్తోందని రేడియో చెప్పగానే నాన్న ఇంటికప్పు మీదికి మోకులు లాగి కట్టాడు. గాలికి బెదిరి పారిపోతుందని మా ఆవును కూడా పాకలో గుంజకు రెండు పలుపులతో బిగించాడు. ఆ ఆవంటే నాకు ప్రాణం. బడి నుంచి రాగానే దాని గంగడోలు నిమిరితే గానీ అన్నం తినేదాన్ని కాదు.

గాలి వచ్చింది, పోయింది. తెల్లారేసరికి చక్కటి ఎండ. బతికిపోయాం రా బాబూ అని వీధి వీధంతా నవ్వుకుంది. మా నాయనమ్మ ఒక్కతే ఏటి వైపు చూస్తూ నిలబడింది. నీళ్ళు ఎర్రగా తిరిగాయి, కొండ చెట్ల కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. ఒడిశా కొండల్లో కురిసిన వాన మా మీదికి బయలుదేరిందని ఆమెకు తెలిసిపోయింది.

"ఒరే, ఎండ సూసి ఏటి మురిసిపోతన్నారు? ఏరొచ్చేస్తన్నాది, మేడెక్కండి!" అని అరిచింది.

మధ్యాహ్నానికల్లా వీధిలో నీళ్ళు. నాన్న మమ్మల్ని ఎదురింటి మేడ మీదికి చేర్చాడు. ఆ ఇరుకు మెట్లు ఆవు ఎక్కలేదు. నాయనమ్మ నడుముల్లోతు నీళ్ళలో పాకలోకి వెళ్ళింది. తడిసిన ముళ్ళు ఊడి రావే! చివరికి కొడవలితో పలుపులు కోసేసి, ఆవు వీపు మీద ఒక్కటి చరిచింది. ఇప్పేస్తే కొట్టుకుపోతాదని నేను పైనుంచి గోల పెట్టాను.

"కట్టుంచితే ఇక్కడే సచ్చిపోతాదే. ఈదితే ఈదుతాది. మన సేతిలో ఇంకేటున్నాది?" అంది, ఏడుస్తూనే.

ఆవు తల పైకెత్తి ఈదుతూ సందు మలుపు దాటింది. అంతే. నీళ్ళు తీశాక నాన్న గట్టు పొడుగునా వెతికాడు. అది బతికిందో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు ఫోన్లో హెచ్చరికలు వస్తున్నాయి. అయినా ఎగువన వాన పడితే ఏరు మనల్ని అడిగి వస్తుందా? మొన్న తుపాను దాటాక మళ్ళీ ఎండ కాసింది. "తుపాను ఎల్లిపోనాది కదే, ఇంకేటి భయం?" అని మనవడు నవ్వాడు. నేను ఏటి వైపు చూశాను. నీళ్ళు ఎర్రబడుతున్నాయి. పక్కింటివాళ్ళు ఊరెళ్తూ కుక్కను గొలుసుతో కట్టేసి పోయారు. వెళ్ళి ఆ గొలుసు విప్పి, గేటు తీసి పెట్టి వచ్చాను. వచ్చే నీళ్ళను ఆపడం నా వల్ల కాదు. కట్టేసి ఉన్న ప్రాణిని చూస్తే మాత్రం నాకు కాలు నిలవదు.